పాలు ముట్టని డ్రిల్లు సారు

మా డ్రిల్లు సారు పోయారు. ఆ కబురు నాకు ఆర్మూరు బస్సు కండక్టరు చెప్పాడు. జక్రాన్‌పల్లిలో నేను పాఠాలు చెప్పే బడికి పోతూ రోడ్డు దాటుతుంటే, బస్సు ఆపించి తల బయటపెట్టి, “అక్కా, నీకెరుకేనా? మన సారు పోయిండు. పొద్దుగాల రొట్టె తిని కూసున్నడు, గట్లనే ఒరిగిండంట” అన్నాడు. అతనూ నాలాగే బోధన్ బడిలో ఆయన దగ్గర డ్రిల్లు నేర్చుకున్నవాడే. నా క్లాసు పిల్లలను పక్క టీచరుకు అప్పజెప్పి, తిరుగు బస్సులో బోధన్ బయల్దేరాను.

ఆయనను ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. సారు మాంసం తినేవారు కాదు. అందులో పెద్ద వింత లేదు. పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టేవారు కాదు, అదీ వింత. చాయ్ కూడా నల్లగానే తాగేవారు. మధ్యాహ్నం ఆయన డబ్బాలో జొన్నరొట్టె, పుంటికూర, గుప్పెడు పల్లీలు ఉండేవి. యాభై దాటిన మనిషి మైదానం చుట్టూ మాతోపాటు పరుగెత్తి, మేము రొప్పుతూ కూలబడితే, తాను మాత్రం అప్పుడే నిద్రలేచినంత తాపీగా మాట్లాడేవారు. ఆ తిండితో ఆ పరుగు ఎలా వచ్చేదో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

మాది ఎడపల్లి. వరి, చెరుకు పండించే ఇల్లు. కొట్టంలో ఎప్పుడూ రెండు బర్రెలుండేవి. అంత పాడి ఉన్న ఇంట్లో పుట్టి కూడా నాకు పాలు పడేవి కావు. గ్లాసెడు తాగితే కడుపు మెలిపెట్టి వాంతి అయ్యేది. మాంసం ఉడికే వాసన పడక, అది వండిన పూటంతా వాకిట్లోనే ఉండిపోయేదాన్ని. ఆరో తరగతికి వచ్చినా గాలి వీస్తే పడిపోయేలా ఉండేదాన్ని. “పాలు ముట్టని పిల్ల ఎట్ల బతుకుతదే?” అని మా బాపమ్మ, అంటే మా బాపు తల్లి, నా మణికట్టు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకునేది. రోజూ బోధన్ దాకా పోయి రావడం ఈ పిల్ల వల్ల కాదు, బడి మాన్పిద్దామని బాపు తేల్చేశాడు.

ఆ మాట విని సారు సైకిలేసుకుని మా ఇంటికి వచ్చారు.

“పటేలా, ఒక్క ఏడాది నాకియ్యి. పిల్ల గట్టిపడకుంటే అప్పుడు మాన్పియ్యి.”

“ఏం పెట్టి గట్టిపరుస్తవ్ సారూ? గడ్డి పెట్టా?” అన్నాడు బాపు.

“గడ్డి కాదు. నీ చేన్ల పండేదే.”

ముందు నన్ను సర్కారు డాక్టరుకు చూపించారు. ఆ తర్వాత ఏమేం పెట్టాలో మా అమ్మకు చెప్పారు. బబ్బెర గుడాలు, అంటే ఉడికించిన అలసందలు, నువ్వులు బెల్లం దంచిన ముద్ద, పప్పు, మక్కరొట్టె, ఏదో ఒక ఆకుకూర. ప్రతి శనివారం నా కంటి కింది రెప్ప లాగి, ఎరుపు ఉందా లేదా అని చూసేవారు. అలాగని ఎవరినీ పాలు మానమనలేదు. “పడ్డోళ్లు తాగుండ్రి. నా తిండి నాది, మీ తిండి మీది. తిన్నది ఒంటికి పట్టాలంటే ఒళ్లు కదలాలె, గంతే” అనేవారు. చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండ్ల వెంటపడి మేము చెరుకు గడలు గుంజుకున్నామని ఎవరో ఫిర్యాదు చేస్తే, “దొంగతనం సంగతి తర్వాత మాట్లాడుదం. ముందుగాల చెప్పుండ్రి, బండిని అందుకున్నదెవరు?” అని అడిగారు. అందుకున్నది నేనే. ఆ చలికాలానికి ఆడపిల్లల లెజిం డ్రిల్లులో, గజ్జెల కర్ర మోగిస్తూ ముందు వరసలో నిలబడ్డాను.

అప్పుడే ఆటల పోటీలకు మమ్మల్ని నిజామాబాద్ తీసుకుపోయారు. అక్కడి తాలీంలో కుస్తీ నేర్పే ఉస్తాద్ ఒకాయన సారు తిండి సంగతి విని నవ్వాడు. “పాలు లేవు, బాదం లేదు, గోష్ లేదు. మాస్టర్ సాబ్, ఒంట్ల తాఖత్ ఏడికెళ్లి వస్తది?” సారు చొక్కా విప్పి, మడతపెట్టి నా చేతికిచ్చారు. “మీరు లెక్కవెట్టుండ్రి ఉస్తాద్” అని దండీలు మొదలుపెట్టారు. ఉస్తాద్ లెక్క తప్పాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ తప్పాడు. చివరికి తన భుజం మీది తువ్వాలు తీసి స్వయంగా సారు వీపు తుడిచి, “బస్ సాబ్, ఇగ నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి” అన్నాడు.

తిరుగు బస్సులో ధైర్యం చేసి, పాలెందుకు తాగరని అడిగాను. “చిన్నప్పుడు మా బర్రె దూడ సచ్చిపోయింది బిడ్డా. బర్రె పాలు చేపాలని, దూడ తోలుల గడ్డి కుక్కి ముంగట నిలవెట్టిండ్రు. బర్రె దాన్ని నాకుకుంట నిలవడ్డది. గా పాలు నాకు గొంతు దిగలే” అన్నారు.

జనవరి జెండా పండుగకు ముందురోజు మా బర్రె ఈనింది. తొలి పాలతో కాచిన జున్ను మా ఇంట్లో అందరూ తినాలి, ఇరుగుపొరుగుకు పంచాలి. ఇంట్లో ఒక్కరు కాదన్నా బర్రె పొదుగుకు కీడని బాపమ్మ నమ్మకం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గిన్నె పట్టుకుని నా ముందు కూర్చుంది. “ఒక్క ముద్ద బిడ్డా, నా కోసం” అంది. ఆమె ముఖం చూసి కాదనలేకపోయాను. ఒక్క ముద్దతో ఆగలేదు, ఆమె సంతోషం చూస్తూ గిన్నె ఖాళీ చేశాను. తెల్లవారి ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు వాంతి చేసుకుని బడికి పోయాను. ఊరి పెద్దలందరి ముందు, లెజిం చేతిలో ఉండగానే మైదానంలో పడిపోయాను.

“ఆకులు, గింజలు పెట్టి పిల్లను ఈ గతికి తెచ్చినవు కదయ్యా!” అని హెడ్మాస్టరు అందరూ వినేలా సారును తిట్టారు. నేను నోరు విప్పలేదు. చెబితే ఇంట్లో అందరూ బాపమ్మ మీద పడతారని భయం.

మర్నాడు సారు ఇంటికి వచ్చారు. కోపంగా ఉన్నా, వచ్చినవాళ్లకు పెట్టకుండా బాపమ్మ ఉండలేదు. చిన్న గిన్నెలో జున్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. సారు గిన్నె వైపు చూశారు, నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆయనకు అంతా తెలిసిపోయింది. గిన్నెను మెల్లగా పక్కకు జరిపారు.

“బడి బందు సారూ. నీ తిండి బందు, నీ డ్రిల్లు బందు” అన్నాడు బాపు.

“తప్పు నాదే పటేలా. పిల్లను ఎండల శానసేపు నిలవెట్టిన. నన్ను డ్రిల్లు మానుమంటే మానుత. పిల్లను మాత్రం బడి మాన్పియ్యకు.”

అన్నట్టే మానేశారు. ఆ ఏడాది చివరిదాకా ఆఫీసు గదిలో కూర్చుని హాజరు పట్టీలకు గీతలు గీశారు. ఆ కిటికీ ముందు నుంచి నేను రోజూ తల వంచుకుని పోయేదాన్ని. ఇంట్లో మాత్రం వేరే ఏదీ నా కడుపున నిలవక, బాపమ్మే మళ్లీ గుడాలు ఉడికించి పెట్టింది. మరుసటి ఏడాది సారు మైదానానికి తిరిగి వచ్చారు గానీ, ఆయన తిండి ఒక పిల్లను చంపబోయిందన్న మాట మాత్రం ఊళ్లో అలాగే ఉండిపోయింది. నేను పెరిగాను, చదివాను, ఉద్యోగం చేస్తున్నాను. ఈ రోజుకూ మా బడి పిల్లలతో పోటీపడి పరుగెడతాను. సిగ్గుతో చెబుతున్నాను, ఇన్నేళ్లలో ఆ మాట తప్పని ఒక్కరితోనూ అనలేదు.

బాపమ్మ పోయాక ఒకసారి సారు ఇంటికి వెళ్లి, “జున్ను సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?” అని అడిగాను. ఆయన పల్లీలు వలుస్తున్నారు.

“చెప్తే ఏమైతుండె? మళ్ల నీకో ముద్ద పెట్టాలంటే మీ బాపమ్మ చెయ్యి వణుకుతుండె. డ్రిల్లుదేమున్నది, పోతది, వస్తది” అని, వలిచిన పల్లీల్లో సగం నా చేతిలో పోశారు. అంత పెద్ద మనసు నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు.

బస్సు దిగి వెళ్లేసరికి వాకిట్లో సారును పడుకోబెట్టారు. పక్కన కుర్చీలో మా పాత హెడ్మాస్టరు కూర్చున్నారు, బాగా ముసలివారైపోయారు. చేతికర్ర మీద గడ్డం ఆనించి పక్కాయనతో, “మంచోడే. గని గా తిండి పిచ్చితోని ఓ పిల్లను సంపబోయిండు, యాదికున్నదా?” అంటున్నారు.

“ఆ పిల్లను నేనే సార్” అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. జున్ను సంగతి, వాంతుల సంగతి, నా భయం, సారు మా ఇంట్లో గిన్నె పక్కకు జరిపి తప్పు తన మీద వేసుకున్న సంగతి, అన్నీ వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పాను. చెబుతూ ఏడ్చాను.

హెడ్మాస్టరు కర్ర కింద పెట్టి, ఎవరినో పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగారు. దారంతో కట్టిన సారు కాళ్లను రెండు చేతులతో పట్టుకుని, నుదురు వాటి మీద ఆనించారు. మోయడానికి వచ్చి నడుం వంచినవాళ్లు, ఆ చేతులు వదిలేదాకా అలాగే ఆగారు.