సర్దార్ మెడలో ఎర్రదారం

2007 వానాకాలం. గోదావరిఖనిలో పశువుల దవాఖానలో నేను డాక్టర్‌గా చేరి అప్పటికి కొన్నేళ్లయింది. మా దగ్గరికి గేదెలు, మేకలు ఎన్ని వచ్చేవో కుక్కలూ అన్నే వచ్చేవి. ఓపెన్‌కాస్ట్ గని తవ్వి పోసిన మట్టిని అక్కడ ఓబీ అంటారు. ఆ ఓబీ గుట్టల మీద సర్కారు కంప కమ్ముకొని అడవిపందులు కాపురం పెట్టాయి. బొగ్గుబాయిలో పనిచేసే వాళ్లు కొందరు, షిఫ్టు లేని పూట కుక్కలను వెంటేసుకొని పందుల వేటకు ఆ గుట్టలెక్కేవారు. చట్టప్రకారం అది నేరం. వద్దంటే నవ్వేవారు. పందులతో పాటు ఆ కంపలో రక్తపింజరలూ ఉండేవి.

ఆ ఏడు వేటకుక్కల మెడల్లో ఎర్రదారాలు కనబడటం మొదలైంది. ఏంటని అడిగితే "పాము టీకా ఏసినట్టు గుర్తు మేడం" అన్నారు. నాకు తిక్క రేగింది. మన దగ్గర కుక్కలకు పాముకాటు టీకా ఎక్కడుంది? విదేశంలో ఎక్కడో, అక్కడి ఒక జాతి పాము కోసం ఒకటుందని చదివాను. అది వేయించిన కుక్కనైనా కాటు పడగానే దవాఖానకు తేవాల్సిందేనని అక్కడి డాక్టర్లే చెప్తారు. మన నాగుపాముకు, కట్లపాముకు, రక్తపింజరకు అలాంటి టీకా లేదు. ఉన్నదల్లా కాటు తర్వాత ఎక్కించే విరుగుడు, యాంటీ స్నేక్ వెనమ్. అది ఎంత తొందరగా ఎక్కిస్తే అంత పని చేస్తుంది.

ఆ టీకా వేసే మహానుభావుడు ఒకప్పుడు ఏదో మెడికల్ షాపులో పని చేశాడట. బండికి ఐసు ఫ్లాస్కు కట్టుకొని తిరిగేవాడు కాబట్టి జనం ఫ్లాస్కు డాక్టర్ అనేవారు. అతను పారేసిన సీసా ఒకరు తెచ్చి చూపించారు. బీ-కాంప్లెక్స్. నీరసానికి వేసే సూది! కనబడిన ప్రతివాడికీ చెప్పాను. "ఏమో మేడం, దారం కట్టినంక మా కుక్కకేం కాలే" అని నా మొహం మీదే అన్నారు. పాము కరవని కుక్కకు ఏమవుతుంది, నా తలకాయ!

ఒక సాయంత్రం దవాఖాన మూసే వేళకు లక్ష్మి అనే ఆమె ఆటోలో నల్లకుక్కను వేసుకొని వచ్చింది. భర్త మల్లేశ్ బాయిలో బొగ్గు నింపే పని చేస్తాడు. కుక్క పేరు సర్దార్. బాయిలో అందరికంటే ముందు నడిచి పైకప్పు పదిలంగా ఉందో లేదో చూసేవాణ్ని సర్దార్ అంటారు. ఇదీ గుంపులో ముందు నడుస్తుందని ఆ పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు దాని మూతి వాచిపోయి ఉంది. చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది. మెడలో ఎర్రదారం.

"ఎప్పుడు కరిసింది?" అన్నాను.

"పొద్దుగాల, గుట్ట మీద. ఈయన తెచ్చి ఇంటికాడ కట్టేసిండు."

"మరి ఆయనేడి?"

"సెకండ్ షిఫ్టుకు పోయిండు. దవాఖానకు తీస్కపోదామంటే, టీకా పడ్డది గదనే, వాపు అదే దిగుతది, దీనికోసం డ్యూటీ నాగా పెట్టాల్నా అన్నడు. నెత్తురు సూసినంక నాకు పానం ఆగలే డాక్టరమ్మా, ఆటో పిలిసిన."

కాలి నరం నుంచి నెత్తురు తీసి గాజు గొట్టంలో కదలకుండా నిలబెట్టాను. దీన్ని క్లాటింగ్ టెస్ట్ అంటాం. మామూలు నెత్తురైతే కాసేపటికి గడ్డకడుతుంది. రక్తపింజర విషం ఎక్కితే కట్టదు. గొట్టం వంచితే నెత్తురు నీళ్లలా జారింది. దవాఖానలో ఉన్న విరుగుడు, బయట దొరికిన విరుగుడు అంతా సెలైన్‌లో కలిపి ఎక్కించాను. లక్ష్మి కుక్క తలను ఒళ్లో పెట్టుకొని "సర్దార్, లే బిడ్డా, లే" అంటూనే ఉంది. అప్పటికే మూత్రం నల్లగా వస్తోంది. అంటే కిడ్నీలు పాడయ్యాయి. తెల్లవారాక సర్దార్ చచ్చిపోయింది.

మల్లేశ్ వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. "టీకా ఏయించినం గద మేడం" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నెత్తి మీద టోపీ ఉన్నదని బాయిల కూలే కప్పు కింద నిలబడ్తవా మల్లేశ్? పాము కరిసిన కుక్కను కట్టేసి డ్యూటీకెట్ల పోయినవయ్యా?"

అతను తల దించుకున్నాడు. ఏడుస్తున్నాడని కాసేపటికి గానీ తెలియలేదు. ఫ్లాస్కు డాక్టర్ మీద కంప్లైంటు రాసివ్వమన్నాను.

"వద్దు మేడం. కుక్క గుట్ట మీదికి ఎందుకు పోయిందని అడుగుతరు. నన్నే లోపలేస్తరు. నౌకరి పోతది."

దొంగకు తేలు కుట్టినట్టయింది అతని పని. ఆ రోజే చౌరస్తాలో టీకొట్టు దగ్గర ఫ్లాస్కు డాక్టర్ కనబడితే నిలదీశాను. సిగ్గన్నది లేకుండా నవ్వాడు.

"ఎవన్నన్న రాసియ్యమనున్రి మేడం, సూస్త. ఏమని రాస్తరు? పంది మీదికి కుక్కను ఇడిస్తే పాము కరిసిందని రాస్తరా?"

అప్పుడు అర్థమైంది. వాడు తెలివితక్కువవాడు కాదు. నోరు తెరవలేని వాళ్లను ఏరుకొని మరీ దారం కట్టాడు. పైవాళ్లకు నేను చెప్తే, నష్టపోయిన మనిషిని తీసుకురండి అన్నారు. ఎక్కణ్నుంచి తేను?

లక్ష్మి మాత్రం ఊరుకోలేదు. ఆదివారం నాకు కబురు పెట్టింది. నేను వెళ్లేసరికి క్వార్టర్ల వెంట కొడవలి పట్టుకొని నడుస్తోంది. కనబడిన ప్రతి కుక్కనూ మల్లేశ్ పట్టుకుంటున్నాడు, ఆమె దారం కోస్తోంది. ఒక పెద్దాయన లేచాడు.

"ఏందే లక్ష్మీ, నా కుక్క జోలికెందుకొస్తున్నవ్? ఫ్రీగ కట్టిండనుకున్నవా?"

"నీ కుక్క సచ్చినంక ఏడ్సుడు కంటే ఇప్పుడే నన్ను తిట్టు, కాకా. నీ ఇష్టమొచ్చినన్ని తిట్టు" అంది, దారం కోస్తూనే. ఆ తర్వాత ఫ్లాస్కు బండి ఆ కాలనీ వైపు రాలేదు. బెల్లంపల్లి దిక్కు పోయిందని విన్నాను. అక్కడ ఎన్ని మెడలకు దారాలు కట్టాడో!

ఇన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు. సర్దార్‌ను చంపింది పాము ఒక్కటే కాదు. బీ-కాంప్లెక్స్‌లో విషం లేదు, నిజమే. కానీ పొద్దున్నే దవాఖానకు పరుగెత్తాల్సిన మనిషిని అది ధీమాగా బాయికి పంపించింది. దొంగమందు చేసే అసలు చెడుపు అదేనని నాకు తెలిసింది అప్పుడే.

ఇప్పటికీ ఎవరో ఒకరు కుక్కను వెంటబెట్టుకొని వచ్చి అడుగుతారు, "మేడం, పాము టీకా ఉన్నదా?" అని.

"ఉన్నది" అంటాను. "దాని పేరు ఆటో. కరవంగనే కుక్కను అండ్లేసుకొని జల్ది రా."