పన్నెండు సెకన్ల మూడుముళ్లు

పద్మకుమారి మెడ నాకు బాగా తెలుసు. పదిహేనేళ్లుగా ఆమదాలవలసలో ఆమె జాకెట్లు కుట్టేది నేనే. పొట్టి మెడ, వెనక కాస్త కండ. వీపు లోతుగా కోయమని ఆమె, కోయనని నేను, ప్రతిసారీ తగువే. అలాంటిది మొన్న వాళ్ల పెళ్లిరోజుకి పిలిస్తే శ్రీకూర్మం వెళ్లాను. వాళ్లబ్బాయి పాత పెళ్లి వీడియో పెద్ద టీవీలో పెట్టాడు. మూడుముళ్లు వేసే చోట ఒక పొడుగాటి మెడ కనిపించింది. ఇదెవర్తి మెడా అనుకుని లోలోపల నవ్వుకున్నాను.

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. తెర నిండా రెండు చేతులు పసుపుతాడు ముడివేస్తున్నాయి. కుడిచేతి బొటనవేలి గోరు నిలువునా రెండుగా చీలి ఉంది. అది రైసుమిల్లు బెల్టులో పడి చీలిన గోరు, మళ్లీ అతకలేదు. పదహారేళ్లు ఆ చేతికి అన్నం వడ్డించాను. మూడేళ్ల కిందట ఆసుపత్రి మంచం మీద ఆ చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. అది నా భర్త ధర్మేంద్ర చెయ్యి.

ఆ చేతులు ఆయనవైతే ఆ మెడ నాదే కదా! పక్క కుర్చీలో పద్మకుమారి మొగుడు అప్పలసూరి జంతికలు నములుతూ చూస్తున్నాడు. సాలూరు వాళ్ల లారీ తోలుతాడు, ఆ పొద్దున్నే డ్యూటీ దిగాడు. తెర మీదవి తన చేతులు కావని ఆయనకే తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ముహూర్తానికి అందరం ఎర్రంచు తెల్లచీర మధుపర్కాలే కడతాం. తన మెడ వెనక భాగం ఏ పెళ్లికూతురు చూసుకుంది గనక?

మా పెళ్లి వీడియో మాకు లేదు. తిత్లీ తుఫానుకి ఇంటి రేకులు లేచిపోయి, బీరువాలో ఉన్న డీవీడీలు తడిసి పాడయ్యాయి. ఫోనులో తీద్దామంటే మా ఆయన విసుక్కుని వెళ్లిపోయేవాడు. ఆయన పోయాక వీడియో తీసిన నగరేశ్వరరావు దగ్గరకి వెళ్లి ఏడిస్తే, ఆ టేపు మీద వేరే పెళ్లి తీసేశానని తల దించుకున్నాడు. ఆశ వదిలేసుకుని ఇంటికొచ్చాను. ఇప్పుడు ఆ చేతులు ఇంకొకత్తి పెళ్లిలో కదులుతున్నాయి!

మర్నాడు కొట్టు తీయకుండా తిన్నగా నగరేశ్వరరావు మీదకి వెళ్లాను. స్టేషను రోడ్డులో ఆయనకి చిన్న ఫోటో స్టూడియో ఉంది. కిరాణా వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, తండ్రితో గొడవపడి కెమెరా పట్టాడు. ఈ చుట్టుపక్కల పాతికేళ్లపాటు ఆయన లేకుండా పెళ్లి లేదు. కెమెరాని భార్య పాత చీరలో చుట్టి చంటిపిల్లలా మోసుకొచ్చేవాడు. తాళి కట్టే వేళకి జనం అడ్డొస్తే, ఎప్పుడూ గొంతు పైకి లేవని మనిషి "జరగండోయ్" అని పందిరి అదిరేలా అరిచేవాడు. తాళి పడేదాకా మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. అంత నిష్ఠ గల మనిషి. అందుకే నా కోపం రెట్టింపయింది.

"అన్నయ్యా, మా ఆయన ఎంతమందికి తాళి కట్టేడు?" అని అడిగాను.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్లజోడు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

"ఏడుగురికమ్మా," అన్నాడు.

ఒకటో రెండో అనుకుని వెళ్లాను.

"ఏటి మనిషివి నువ్వు! ఏడిళ్లలో నా మొగుడి సేతులు పెట్టీసి, నేనొచ్చి ఏడిస్తే నేదన్నావేటి?"

"సెప్పడానికి మొహం నేకపోనాదమ్మా. కూకో, సెప్తాను."

సంగతి ఇది. ముందు ఆయన దగ్గర పెద్ద క్యాసెట్ల కెమెరా ఉండేది. ఆ క్యాసెట్టు పాడైతే బొమ్మ మీద గీతలొచ్చేవి, చుక్కలొచ్చేవి, అయినా మనిషి మనిషిలా కనిపించేవాడు. తర్వాత అగ్గిపెట్టెంత డిజిటల్ టేపు వచ్చింది. బొమ్మ అద్దంలా ఉండేది. కానీ దానికి నడిమధ్య దారి లేదు. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే గళ్లుగళ్లుగా విరిగి, మాటతో సహా మాయమైపోతుంది.

"టేపు గంటే వస్తాదమ్మా. ఒక పెళ్లిలో నేను టేపు మారస్తంటే అటు తాళి కట్టీసినారు. ఆ బయ్యం నన్నొదల్లేదు. కెమెరాలో ఎల్పీ అని ఒకటుంటాది. టేపు నెమ్మదిగా తిరిగి గంటన్నర వస్తాది. అదెట్టుకున్నాను. అందులో టేపు మీద బొమ్మ పడే గీత సన్నం. రవ్వంత దుమ్ము పడితే సాలు, బొమ్మ పోతాది. పందిట్లో ఓమం పొగ, అచ్చింతల పసుపు... ఏటుండదు?"

తాళి తప్పిపోకూడదని పెట్టుకున్నదే తాళిని మింగేసింది. పద్మకుమారి పెళ్లి ముగిశాక ఇంటికొచ్చి వేసి చూస్తే, ముహూర్తం దగ్గర నాలుగు నిమిషాలు గళ్లు తప్ప ఏమీ లేవట. రెండు రోజులు అన్నం తినలేకపోయాడట. అంతకు ముందేడు తీసిన మా పెళ్లిలో, వెలుగు బాగా కుదిరి, చెయ్యి వణక్కుండా వచ్చిన పన్నెండు సెకన్ల ముక్క ఉందని గుర్తొచ్చింది. మొహాలు లేవు, చేతులూ మెడా మాత్రమే. కంప్యూటరుకి వైరు పెట్టి ఆ ముక్కని పద్మకుమారి వీడియోలో అతికించేశాడు.

"డిజిటలమ్మా, కాపీకి కాపీ తీసినా అరగదు. ఏడో పెళ్లిలో కూడా కొత్తగానే ఉన్నాది. కెమెరా ముసల్దయిపోతన్నకొద్దీ గళ్లు ఎక్కువైపోనాయి. మొదటిసారి సేతులు వణికినాయి. తరవాత వణకనేదు." ఆ మాటన్నాక వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ ముక్క వేరే టేపులో దాచానన్నాడు. గబగబా లోపల్నుంచి తెచ్చి పాత కెమెరాలో పెట్టాడు. ఎల్పీలో తీసిన టేపు వేరే మిషన్లో పెడితే సరిగ్గా ఆడదట, తీసిన కెమెరాయే నయమట. దగ్గరకి జరిగి చూశాను. గట్టిమేళం ఒక్క క్షణం వినిపించి తెగిపోయింది. తెల్లటి గళ్లు, నల్లటి గళ్లు. ఇంకోసారి తిప్పితే టేపే చుట్టుకుపోయి లోపల నలిగిపోయింది.

"ఆ ఏడిళ్లకీ ఎల్లి నిజం సెప్తావా, నన్ను సెప్పమంటావా?" అన్నాను లేస్తూ.

"నేనే సెప్తానమ్మా. నువ్వు పక్కనుండు."

ఆదివారం ఇద్దరం శ్రీకూర్మం వెళ్లాం. అప్పలసూరి మళ్లీ లారీ ఎక్కేశాడు, పద్మకుమారి ఒక్కతే ఉంది. కాఫీ ఇచ్చింది. నగరేశ్వరరావు తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, మీ పెళ్లి వీడియో గురించి ఒక మాట సెప్పాల..."

"నానే మీకు సెప్పాలనుకుంతన్నాను బాబూ," అని పద్మకుమారి అందుకుంది. "మా ఆయన మాట మొరటు. సెయ్యి పట్టుకుని పక్కన కూకున్న రోజు నేదు. రెండుసార్లు పుట్టింటికెళ్లిపోదామని పెట్టె సర్దీసినాను. ఎల్లేముందు ఆ ముడులేసే ముక్క సూసినాను. ఎంత మెల్లగా ఏసినారు! జడ నలక్కుండా, ఎంటిక సిక్కుకోకుండా. ఆ మనిషి లోపల ఎక్కడో ఉన్నాడులే అనుకుని పెట్టె ఇప్పీసినాను. మీ పున్నెవే బాబూ."

నగరేశ్వరరావు నోరు తెరిచి నా వైపు చూశాడు. అనమంటావా, వద్దంటావా అని అడుగుతున్న చూపు అది. ఆ చేతులు నావి. నలక్కుండా ఆయన చూసుకున్నది నా జడనే. దారి పొడుగునా పళ్లు నూరుకుంటూ వచ్చింది ఈ మాట వినడానికా! నిజం చెబితే నా చేతులు నాకు వస్తాయి. ఆమెకి ఇంక ఏ చేతులూ మిగలవు.

"తను తీసిన వాటిల్లో అదే బాగొచ్చినాదట. ఒక కాపీ ఇస్తావేమోనని వచ్చినాడు," అన్నాను. "నాకూ ఒకటియ్యి వదినా. జాకెట్టు మెడ బాగున్నాది, సూసి కుడతాను."

నగరేశ్వరరావు తువ్వాలుతో మొహం మొత్తం కప్పుకున్నాడు. పద్మకుమారి మురిసిపోతూ టీవీ పెట్టింది. చీలిన గోరు, పసుపుతాడు, ఒకటి, రెండు, మూడు ముడులు. అయిపోయింది. మళ్లీ వెయ్యమన్నాను. వేసింది. మళ్లీ అడిగాను.

ఆమె పకపకా నవ్వింది.

"ఏటి వదినా, మా ఆయన సేతుల్ని అలగ సూస్తన్నావు?"