ముందు మీరెక్కండి

హౌకిలంపి విమానాశ్రయంలో కాఫీ హోటలు నడిపే హిల్యా తొల్వానెన్‌కు యాభై ఆరేళ్లు వచ్చాయి కానీ, ఏ బల్ల దగ్గరా మొదటి కప్పు తాను అందుకున్న పాపాన పోలేదు. ఇందులో ఆమెనొక్కదాన్నే అనడానికి లేదు. హెల్సింకికి దూరంగా ఉన్న సావో సీమలో మనిషి పుట్టుకే అంత. పెళ్లయినా, చావయినా కాఫీ బల్ల మీద పొగలు కక్కుతూ ఉంటుంది, జనం గోడలకు అతుక్కుపోయి కిటికీలోంచి వాన వస్తుందా రాదా అని చూస్తుంటారు. ఇంటావిడ మూడుసార్లు బతిమాలాలి. అప్పుడు పాస్టరుగారో, కాటికి కాళ్లు చాపుకున్న ఏ ముసలమ్మో కదిలితే, ఆ వెనక నలుగురితో నారాయణ. మొదట కదిలితే తిండిపోతంటారని భయం. ఆ భయాన్ని హిల్యా అందరికంటే శ్రద్ధగా పెంచి పోషించింది.

దానివల్ల నష్టపోయింది కూడా. ఆమె అక్క సైమీ కార్ల ఫ్యాక్టరీలో పనికని స్వీడన్ వెళ్లి గోథెన్‌బర్గ్‌లో స్థిరపడిపోయింది. అక్కను చూడటానికి హిల్యా రెండుసార్లు టికెట్టు కొంది. పాత పంకాల విమానంలో సీట్లు తక్కువ. మొదటిసారి ఎవరో పెద్దమనిషి అర్జంటు పనుందంటే తన సీటు ఇచ్చేసింది. రెండోసారి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. సీటు దొరకని ఒకావిడ పక్కన నిలబడి నిట్టూర్చింది, అంతే.

ఈసారి సైమీ అరవయ్యో పుట్టినరోజు. అదే రోజు హౌకిలంపికి మొట్టమొదటి జెట్ విమానం వస్తోంది. సైమీ ముందే ఫోన్ చేసింది.

"ఒసేయ్, మీ ఊరికి జెట్టు వస్తోందటగా. వందమంది పడతారట. ఈసారి కూడా 'ముందు మీరు' అంటూ వెనక్కి తిరిగావో, నాకు చెల్లెలే లేదనుకుంటాను. సాయంత్రం కేకు దగ్గర నువ్వు నా కళ్లెదుట ఉండాలి."

"వస్తానక్కా, సీటుంటే."

"ఉంటే ఏంటే? కొన్నావుగా!"

"కొన్నాననుకో. అయినా..."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఆ ఉదయం రన్‌వే అంచుల్లో ఇంకా కరగని మంచు కుప్పలుండగానే చుట్టుపక్కల ఊళ్లన్నీ విమానాశ్రయానికి తరలివచ్చాయి. జెట్ దిగిన చప్పుడుకు కుక్కలు కూడా నోరు మూసుకున్నాయి. కొత్త టై కట్టుకున్న అధికారి రిస్సానెన్ మైకు పట్టుకుని చావుకబురు చల్లగా చెప్పాడు. మెట్ల దాకా ఎర్ర తివాచీ పరిచారట. మొదట ఎక్కే ప్రయాణికుడికి పూలగుత్తి ఇస్తారట, పత్రికలో ఫొటో వేస్తారట, పైగా ఆ మనిషి మైకులో నాలుగు మాటలు చెప్పాలట. ఈ ఆలోచన రాజధాని హెల్సింకి వాళ్లది. సావోలో పుట్టినవాడెవడూ తోటి మనిషికి ఇంత ద్రోహం తలపెట్టడు.

"ఇక దయచేయండి!" అన్నాడు రిస్సానెన్.

క్యూలో అందరికంటే ముందున్న బంగాళాదుంపల రైతు కర్వినెన్ వంగి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ బూట్లకు తాళ్లే లేవు.

"కర్వినెన్ గారూ, ముందున్నది మీరే కదా?"

"ఉన్నానంటే ఉన్నాను, లేనంటే లేను. వెనకాల పెద్దావిడ ఉండగా నేనెక్కితే ఏం బావుంటుంది?"

"ఎవర్రా పెద్దావిడ? నాకంటే నీకే రెండేళ్లు ఎక్కువ!" అంది వెనకున్నావిడ. అంటూనే అడుగు వెనక్కి వేసింది. ఆవిడ వెనకున్నవాడు రెండడుగులు వేశాడు. అలా జరుగుతూ జరుగుతూ క్యూ మొత్తం గుండ్రంగా తిరిగి, తోక తల దగ్గరికి వచ్చింది. చివర నిలబడ్డ హిల్యా ఉన్నట్టుండి తివాచీ అంచున తేలింది. చటుక్కున కర్వినెన్ వెనక దూరింది.

రిస్సానెన్ టై వదులు చేసుకున్నాడు. "బాబ్బాబు, ఎవరో ఒకరు ఎక్కండి! ఇప్పుడు బయల్దేరకపోతే హెల్సింకిలో విమానాన్ని దిగనివ్వరు. అక్కణ్ణించి వేరే విమానాలు ఎక్కాల్సినవాళ్ల గతేంటి?"

గోథెన్‌బర్గ్‌కు వేరే విమానం ఎక్కాల్సింది హిల్యానే. ఆమె సంచిలో అక్క కోసం చేసిన చేపల రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది. ఎవరైనా ఎక్కండి, దేవుడా, ఎవరైనా ఒకరు, అని లోలోపల ఏడ్చింది. ఆ ఒకరు తానే కావచ్చని మాత్రం ఆమెకు తట్టలేదు.

అప్పుడు మెట్ల పైనుంచి పైలట్ కేక వేశాడు. "మా విమానం మీకు నచ్చలేదా ఏంటి? పోనీ, ఎవరైనా కాస్త కాఫీ అయినా పట్రండి!"

మనిషి నోరు తెరిచి కాఫీ అడిగాడు. హిల్యా ఉండగా అలా అడిగినవాడు కాఫీ లేకుండా పోయింది ఏనాడూ లేదు. సంచి అక్కడే కింద పడేసి, హోటల్లోకి పరుగెత్తి, కాఫీ కెటిలూ కప్పూ పట్టుకుని వచ్చింది. "జరగండి జరగండి, వేడి వేడి!" అంటూ క్యూను చీల్చుకుని, తివాచీ తొక్కి, మెట్లెక్కి పైలట్‌కు కప్పు నింపింది.

"పాలు కావాలా బాబూ?"

కింద కర్వినెన్ తలెత్తి చూశాడు. ఎవరో ముందు వెళ్లారు. సావోలో రెండోవాడుగా ఉండటం ఎప్పుడూ తప్పు కాదు. బూటు తాడు మాట మరచి మెట్ల మీదికి దూకాడు. ఆ వెనక క్యూ అంతా మోచేతులతో పొడుచుకుంటూ ఎగబడింది. హిల్యా వెనక్కి తిరిగేసరికి మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు.

"కాస్త దారివ్వండి. నేను చివర నిలబడాలి."

"చివరేంటమ్మా? మొదట ఎక్కింది నువ్వేగా!" అన్నాడు కర్వినెన్.

"నేను కాఫీ ఇవ్వడానికొచ్చాను!"

"ఎందుకొస్తేనేం, వచ్చావు కదా."

పూలగుత్తి చంకలోకి వచ్చింది. ఫ్లాష్ మెరిసింది. నోటి ముందుకు మైకు వచ్చింది. నాలుగు మాటలన్నారు, హిల్యాకు తెలిసినవి రెండే.

"ఇంకెవరికైనా పోయనా?"

మర్నాడు పత్రికలో ఫొటో కింద అచ్చయింది ఆ మాటే.

సంచి చేతులు మారుతూ జనం తలల మీదుగా పైకొచ్చింది. దానికంటే ముందే చేపల వాసన వచ్చింది. కిందినుంచి రిస్సానెన్ అరిచాడు. "హిల్యా, మరి హోటలు?"

"తెరిచే ఉంది! ఎవరిది వాళ్లే పోసుకోండి!" అని హిల్యా జీవితంలో మొదటిసారి కేకేసింది. బతిమాలే మనిషి లేక ఆ రోజు హౌకిలంపిలో ఒక్కరూ కాఫీ ముట్టుకోలేదు.

సాయంత్రం గోథెన్‌బర్గ్‌లో సైమీ తలుపు తీసింది. చెల్లెల్ని చూసింది. ఆ చేతిలో ఇంకా అలాగే ఉన్న హోటలు కెటిల్‌ను చూసింది. గొంతు తగ్గించి, "ఎప్పట్నించో బతిమాలుతున్నానే, ఒక్కరూ కదలడం లేదు" అంది.

లోపల గదిలో, సైమీతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసే సావో వాళ్లంతా గోడలకు అతుక్కుని కిటికీలోంచి వాన కోసం చూస్తున్నారు. బల్ల మీద కేకు పెట్టింది పెట్టినట్టే ఉంది.

హిల్యా కెటిల్ కింద పెట్టింది. కోటు కూడా విప్పకుండా నేరుగా బల్ల దగ్గరికి నడిచి, కత్తి తీసుకుని, అన్నిటికంటే పెద్ద క్రీము పువ్వున్న ముక్క కోసి నోట్లో పెట్టుకుంది.

"తిండిపోతు," అన్నారెవరో మెల్లగా, అచ్చమైన సావో యాసలో. అంటూనే ఆమె వెనక వరసలో నిలబడ్డారు.

వాళ్లందర్నీ తోసుకుంటూ వచ్చి సైమీ చెల్లెలి కోటు చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్లు నిండిపోయాయి.

"రెండో ముక్క నాకివ్వవే," అంది.