కోళ్ల గూటికీ మా ఇంటికీ ఒకే అడ్డకర్ర

నా చిన్నప్పుడు నేనాడిన అబద్ధాల్లో అన్నిటికంటే పెద్దది నోటితో ఆడింది కాదు, కాలితో ఆడింది. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. మారిషస్ దక్షిణాన, షెమాన్ గ్రెనియే ఊరి చివర చెరకు తోటలు మొదలయ్యేచోట మా ఇల్లు. పెరట్లో మా చిన్నాన్న వెదురు బద్దలతో అల్లిన తడికల గూడు, అందులో ఐదు కోళ్లు ఉండేవి. ఆ ఏడు మా అమ్మకు చలిజ్వరం వచ్చి తగ్గి, మనిషి సగమైపోయింది. రోజూ ఒక గుడ్డు తినిపించమని ఎస్టేటు ఆస్పత్రిలో చెప్పారు. ఇక అప్పటినుంచి మా ఇంట్లో కోళ్లకు జరిగిన మర్యాద చుట్టాలకు కూడా జరగలేదు. సాయంత్రం అవి గూట్లో చేరాక తలుపు మూసి చీల పెట్టడం నా వంతు పని.

చెరకు కోత జోరుగా సాగుతున్న రోజులు. ఒక సాయంత్రం మా ఇంటి మలుపులో చెరకుబండి ఒరిగిపోయి, బండెడు చెరకూ దారంతా పరుచుకుంది. పిల్లలందరం పరిగెత్తాం. దవడలు నొప్పిపుట్టేదాకా నమిలి, ఇంటికొచ్చి పడుకున్నాను. చీల సంగతి తెల్లారి కళ్లు తెరిచాక గుర్తొచ్చింది. అందరికంటే ముందు లేచి వెళ్లి చూస్తే గూటి తలుపు బార్లా తెరిచి ఉంది, నాలుగు కోళ్లు మెడలు తెగి పడి ఉన్నాయి. ఐదోది నల్లపెట్ట. వంటింట్లో గంపలో గుడ్లు పొదుగుతూ ఉండబట్టి అది బతికింది.

అది ముంగిస పని. ఇండియా నుంచి వచ్చిన మా పెద్దలకు ముంగిస కనిపిస్తే మంచి శకునం. అక్కడ అది పాముల్ని చంపుతుంది కనుక. ఇక్కడ విషప్పాములే లేవు. ఎలుకల్ని తింటుందని దొరలు తెప్పించి వదిలితే, అది చెరకు తోటల్లోని రాళ్లగుట్టల్లో కాపురం పెట్టి మా కోళ్ల మీద పడింది. అయినా పొద్దున్నే ముంగిస ఎదురైతే దణ్ణం పెట్టేవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉండేవారు.

నేను గూట్లోకి దూరి, కూర్చుని, రెండు కాళ్లతో కింది మూల తడికను తన్నాను. బద్దలు విరిగి ముంగిస పట్టేంత కంత పడింది. బయటికి వచ్చి తలుపు మూసి, చీల జాగ్రత్తగా పెట్టి, అప్పుడు ఏడ్చాను. ఏడుపు మాత్రం నిజమే.

నా అబద్ధం చక్కగా అతికింది. అతికింది కానీ వెళ్లి మా చిన్నాన్న మీద పడింది. తడిక అల్లింది ఆయన కనుక, పచ్చి వెదురుతో అల్లావనీ, మూలలు సరిగా బిగించలేదనీ మా నాన్న నాలుగు రోజులు సాధించాడు. చిన్నాన్న ఎదురు చెప్పే మనిషి కాదు. అన్నం తిని, కంచం కడుక్కుని, ఎడ్ల దగ్గరికి పోయేవాడు.

ఆదివారం కొత్త గూడు గురించి మాట్లాడుకోవడానికి ఊరి ఆ చివర నుంచి మా అమ్మమ్మ వచ్చింది. ఆవిడ మొగలి ఆకుల్లాంటి వకోవా ఆకులతో మిల్లుకు పంచదార సంచులు అల్లేది. అల్లిక విషయంలో ఆవిడ మాటకు ఎదురు లేదు. ఆ రోజు పెరట్లో జరిగిన చర్చ పెళ్లి మాటల్ని మించిపోయింది. గూడు రాళ్ల మీద మోకాలెత్తున లేపాలని మా నాన్న అన్నాడు. తుఫానుకు ఎగిరిపోకుండా రేకు పైనుంచి నారతాళ్లు వేసి నేలకు కట్టాలని చిన్నాన్న గొణిగాడు. వంగితే కళ్లు తిరుగుతున్నాయి, గుడ్ల పెట్టె నడుమెత్తున ఉంటే చాలునని అమ్మ అంది. కాలి గోళ్లకు పట్టు దొరికేలా జామకొమ్మ వేయమనీ, రెట్ట కింద పడేలా నేల సందులు సందులుగా పరవమనీ, అది వంకాయ మొక్కలకు పనికొస్తుందనీ అమ్మమ్మ చెప్పింది. వాకిలి తూర్పుకా, వంటింటి వైపుకా అన్న చోట కాసేపు ఆగారు. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి కనిపించాలని వంటింటి వైపే ఖాయం చేశారు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. మా దగ్గరున్న మంచి పలకలు కొన్నే. అవన్నీ గోడలకే వాడాలి, తలుపుకు పాత తడిక, పాత చీల చాలు అన్నాడు మా నాన్న. ముంగిస గోడ కొరికి వచ్చిందన్నదే కదా ఆయన నమ్మకం. నేను నోరు మూసుకుంటే కొత్త గూటికి గోడలు కోటలా ఉంటాయి, తలుపు మళ్లీ నా మతిమరుపు మీదే ఆధారపడుతుంది. మిగిలింది ఒక్క నల్లపెట్ట, దాని గుడ్లు. అవీ పోతే అమ్మకు ఏమీ లేదు.

అమ్మమ్మ అప్పటికే ఆ విరిగిన తడికను ఒళ్లో పెట్టుకుని, బద్దల కొసల మీద బొటనవేలు నెమ్మదిగా రాస్తోంది. కొసలన్నీ బయటికే తిరిగి ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన జంతువు విరిస్తే లోపలికి తిరగాలి. ఆవిడ తలెత్తి అందరి వైపూ చూసింది, చివరికి నా వైపు చూసింది. మళ్లీ తల దించుకుంది.

"తడిక గట్టిదే బాబూ. తప్పు తలుపుది," అంది మా నాన్నతో.

చీల పెట్టే ఉంది కదా అన్నాడాయన. "సీల ఒకలు పెడితే ఉంటాది, పెట్టకపోతే ఉండదు. అదీ ఒక తలుపేనేటి? గోడలు మీ ఇష్టం. తలుపు నాను కడతాను," అంది. చిన్నాన్న నాలుగు రోజుల తర్వాత మొదటిసారి తలెత్తి కూర్చున్నాడు.

మర్నాడు ఆవిడ మంచి పలకలు తీసుకుని తలుపు కడుతుంటే తోలుపట్టీలు పట్టుకోవడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఇంకో అబద్ధం ఆడేదాన్నేమో. అడగకపోయేసరికి ఉండబట్టలేక చెరకుబండి దగ్గర నుంచి తన్నడం దాకా అంతా చెప్పేశాను. ఆవిడ చేతిలో పని ఆపలేదు.

"నాకు తడిక సెప్పింది. నువ్వు సెప్పాల్సింది మీ చిన్నాన్నకి," అంది.

ఎడ్లకు గడ్డి వేస్తున్న చిన్నాన్న దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. దెబ్బ పడుతుందనుకున్నాను. "అయితే నా తడిక నిలిసిందన్న మాట," అన్నాడు చివరికి. ఆ ముఖంలో కోపం కంటే సంతోషమే ఎక్కువ కనిపించింది. కోపం తీర్చుకోవడానికి కాబోలు, కొత్త గూటికి పలకలు అందని ఒక వైపు తడిక నాచేత అల్లించాడు. వేళ్లు చీరుకుపోయాయి. నేను చెప్పిన సంగతి ఆయన మా నాన్నకు ఎన్నడూ చెప్పలేదు. కొన్నేళ్ల తర్వాత నేనే చెప్పాను.

ఇక ఆ తలుపు. అది పైనుంచి తోలుపట్టీలతో వేలాడుతుంది. పైకెత్తి కర్ర ఊతం పెడితే తెరుచుకుని ఉంటుంది. కర్ర లాగితే తన బరువుకు తనే పడి, కొయ్య నాలుక గాట్లో కూర్చుంటుంది. ఇంతవరకు ఏ వడ్రంగైనా చేస్తాడు. అమ్మమ్మ చేసిన గొప్ప పని ఆ కర్ర విషయంలో. లోపలికి వెళ్లి మా ఇంటి వీధితలుపుకు రాత్రిపూట వేసే అడ్డకర్ర తెచ్చి దాన్నే ఊతంగా పెట్టింది. పొద్దున్న ఇంటి తలుపు తీశాక ఆ కర్ర కోళ్ల దగ్గరికి పోతుంది. రాత్రి మా తలుపు వేసుకోవాలంటే ఎవరో ఒకరు వెళ్లి దాన్ని లాక్కురావాలి. లాగితే ముందు కోళ్ల తలుపు పడుతుంది.

మా నాన్న నవ్వి, దానికేం భాగ్యం, ఇంకో కర్ర చెక్కుతాను అన్నాడు. ఆవిడ వద్దంది. రెండో కర్ర ఉంటే మొదటిదాన్ని అందరూ మరిచిపోతారంది. మేం పిల్లలం గూటిని దీవిలో అందరూ మాట్లాడే క్రెయోల్‌లో ‘లకాజ్ పూల్’, అంటే కోడి ఇల్లు, అంటుంటే ఇంట్లో తెలుగు మాట్లాడమని కసిరే మనిషి, ఆ రోజు మాత్రం ఆ మాటే బాగుందంది.

నల్లపెట్ట తొమ్మిది పిల్లల్ని లేపింది. సాయంత్రం కర్ర తెచ్చే పని ఎవరిదన్న మాట వచ్చినప్పుడు, ఇక ఈ పిల్లకు వద్దని మా నాన్న అనబోయాడు. ఆ రాత్రి చీల సంగతి తెలియకపోయినా నా మతిమరుపు ఆయనకు తెలుసు. అమ్మమ్మ ఒప్పుకోలేదు, దానికే ఉంచమంది. నేను పొంగిపోయాను. నెల తిరక్కుండానే మళ్లీ మరిచిపోయాను. గచ్చకాయల ఆట రసపట్టులో పడి ఆ ధ్యాసే లేకపోయింది. పడుకోబోతూ మా నాన్న తలుపు వేయబోయి, కర్ర లేకపోయేసరికి తనే వెళ్లి లాక్కొచ్చాడు. ఒక్క కోడిపిల్లకు కూడా ఏమీ కాలేదు.

ఆ ఆదివారం అమ్మమ్మ దగ్గర కూర్చుని సిగ్గుతో ఆ సంగతి చెప్పాను. నన్ను నమ్మి ఇచ్చావు, నేను మళ్లీ అదే పని చేశాను అన్నాను. ఆవిడ ఆకు చీలుస్తూనే, ఇందులో వింతేముందన్నట్టు చూసింది.

"నువ్వు మర్సిపోతావని నాకు తెల్దేటి? తెలిసే ఇచ్చినాను. అందుకే గదా తలుపలాగ కట్టినాను."

ఇప్పుడు నేను ఆవిడ వయసు దాటేశాను. పిల్లల్ని పెంచాను, కోడళ్లతో కాపురం చేశాను, బడిలో చాలా ఏళ్లు చిన్నపిల్లలచేత తెలుగు అక్షరాలు దిద్దించాను. జనం తమ పిల్లల్ని, తమ ఇంటి తాళాల్ని, తమ రహస్యాల్ని నాకు అప్పగించారు. వాళ్లందరూ నేను మరిచిపోనని నమ్మి ఇచ్చినవాళ్లే. నేను మరిచిపోతానని తెలిసి కూడా నాకే ఇచ్చిన మనిషి నా జీవితంలో మా అమ్మమ్మ ఒక్కతే.