రత్నకుమారి ఫారంలో నేను రాసిన ముక్క

పదిహేనేళ్లు దాటింది. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పట్లో తాడేపల్లిగూడెంలో నేను స్పోకెన్ ఇంగ్లీష్ మాస్టారిని. కాల్‌సెంటర్ల రోజులు. హైదరాబాదు నుంచి కంపెనీవాళ్లు వచ్చే ముందు అభ్యర్థుల్ని వడపోసే పని నాది. ఆ కుర్చీలో కూర్చుంటే ఎంత పొగరో! ఇంతకీ నా ఇంగ్లీషేమిటి? క్యాసెట్లు విని నాలుక మెలితిప్పి నేర్చుకున్నది.

నా క్లాసులో చేరిన రత్నకుమారిది మండవల్లి. తల్లి చేపల చెరువుల మీద కూలి. ఉద్యోగమొస్తే తల్లిని ఆ పని మాన్పించాలని ఆ పిల్ల ఆశ. వాళ్ల చర్చికి బయటి దేశపు బోధకుడు ఎవరొచ్చినా, పక్కన నిలబడి ఆయన చెప్పే ప్రతి వాక్యాన్నీ తెలుగులోకి మార్చేది ఆమే. ఇంగ్లీషు ఆమెకు అలా వచ్చింది.

ఒకరోజు మా సెంటర్ చూడటానికి స్కాట్లాండ్ ఆయన ఒకరు వచ్చారు. గబగబా ఏదో అడిగారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! క్లాసంతా నన్నే చూస్తోంది. "యెస్, యెస్" అంటూ నవ్వాను. ఆయన మళ్లీ అడిగారు. రత్నకుమారి లేచి, నేనిక్కడ ఎన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నానో ఆయన అడుగుతున్నారని నాకు మెల్లగా అందించింది. తర్వాత మన గోదావరి యాసలోనే, తడుముకోకుండా ఆయనతో పావుగంట ఇంగ్లీషు మాట్లాడింది. నా పరువు కాపాడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

వారం తిరక్కుండా ఆమె ఫారంలో "ఎమ్‌టీఐ ఎక్కువ" అని రాసి రిజెక్ట్ చేశాను.

"అంటే ఏంటండీ?"

"మాతృభాష ప్రభావం. నీ ఇంగ్లీషులో తెలుగు వినబడుతోందమ్మా. వాళ్ల భాష వాళ్లలాగే మాట్లాడాలి."

"ఆ రోజొచ్చిన స్కాట్లాండ్ ఆయనకి నా మాట అర్థమైందండీ. ఆయన మాట నాకూ అర్థమైంది. మరి వాళ్లదంటే ఎవరిదండీ, సార్?"

తర్వాతి వాళ్లను పంపమన్నాను.

అది అసూయ అని నాకు తెలియదా? తెలుసు. ప్రమాణమనీ నాణ్యతనీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, ఆ భాషలో పుట్టినవాడే తప్పుపట్టని పిల్లను, ఆ భాష ముందు చేతులు కట్టుకు నిలబడే నేను వెళ్లగొట్టాను. ఆ భాషకి నన్నెవరు కాపలా పెట్టారని? ఛీ!

రెండేళ్లకు ఏలూరు బస్టాండులో వాళ్లమ్మ కనబడింది. ఇంకా చెరువుల పనికే వెళ్తోంది. కూతురూ వెంట వెళ్తోందట. నన్ను గుర్తుపట్టి, రెండు చేతులూ జోడించింది.

"మీరు కష్టపడి చెప్పారంటండీ మాస్టారూ. దానికే ఇంగ్లీషు రాలేదంట. ఇప్పుడు చర్చిలో కూడా నిలబడనంటందండీ."

ఉద్యోగం ఒక్కటే పోయిందనుకున్నాను. ఆమె నోటినే మూయించానని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేశాను? తలూపి బస్సెక్కాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది, అంతే. ఆ రోజు బస్టాండులో ఆ తల్లితో అనాల్సిన మాట ఇది: మీ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చమ్మా. నాకంటే బాగా వచ్చు.