పీకిన పన్నుకే లెక్క

కరోనా వచ్చిన ఏడు నేను పల్నాడులో ఒక సర్కారు ఆసుపత్రిలో డెంటల్ అసిస్టెంట్ సర్జన్‌ని. రిటైర్మెంటు దగ్గర పడింది. నోట్లో నీటి తుంపర లేపే డ్రిల్లు వాడొద్దని ఉత్తర్వు వచ్చింది. తుంపరతో జబ్బు గదంతా పాకుతుందని భయం, అది సబబే. కానీ మా దంత విభాగానికి పెట్టిన నెలవారీ చికిత్సల టార్గెట్ మాత్రం తగ్గించలేదు.

పన్ను పీకితే ఒక చికిత్స కింద లెక్క. డ్రిల్లు లేకుండా, చిన్న చెంచాలాంటి పనిముట్టుతో పుచ్చును గీకి సిమెంటు నింపితే అది తాత్కాలికమట, లెక్కలోకి రాదు. టార్గెట్ అందకపోతే నిధులు ఆగుతాయి. ముందు పోయేది కాంట్రాక్టు పోస్టు. మా విభాగంలో అలాంటి మనిషి ఒక్కతే, నా అసిస్టెంట్ మస్తాన్‌బీ. ఆమె భర్త మెకానిక్ షెడ్డు అప్పటికే మూతపడింది.

చేత్తో చేసిన పనిని కూడా లెక్కలో వేయమని పై అధికారికి ఫోన్ చేశాను. రూలు తన చేతిలో లేదనీ, పీకదగ్గవి చూసుకొని పీకమనీ ఆయన అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కుర్చీలో కూర్చోలేక వరండాలో అటూ ఇటూ తిరిగాను.

బస్సులు మళ్లీ మొదలయ్యాక రెంటచింతల నుంచి మరియమ్మ అనే మిరపతోట కూలీ వచ్చింది. దవడ పన్ను పుచ్చింది గానీ నరం దాకా పోలేదు.

"పీకి పారెయ్యండి సారూ. ఈ ఎండల్లో మళ్లీ మళ్లీ ఎవరొస్తారు?" అంది.

మస్తాన్‌బీ అప్పటికే ట్రేలో పటకారు పెట్టింది. నేను చెంచా ఇమ్మన్నాను.

"ఆమే పీకమంటంది గదా సార్. మీకేంది, పర్మినెంటు. పోయేది నాది" అంది మస్తాన్‌బీ.

చెంచా కోసం చెయ్యి చాపి అలాగే కూర్చున్నాను. ఆమె పటకారు తీసేసి చెంచాను ట్రేలో ఠప్పున పడేసింది. సిమెంటు మాత్రం ఎప్పటిలాగే ఉండల్లేకుండా కలిపింది.

టార్గెట్ అందలేదు, మస్తాన్‌బీ కాంట్రాక్టు పొడిగించలేదు. ఎవరెవరినో బతిమాలాను, కుదరలేదు.

మరుసటి ఏడు మరియమ్మ ఇంకో పన్ను చూపించుకోవడానికి వచ్చింది. పాత పన్ను గట్టిగా ఉంది. దాంతోనే శనగలు నములుతున్నానని సంతోషంగా చెప్పి, "ఆ అమ్మాయి కనపడదేంది సారూ?" అని అడిగింది.

ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదీ. ఏ పన్ను ఉంచాలో తేల్చేది డాక్టరు. ఏ పనికి లెక్క ఉందో తేల్చేది అధికారి. ఆ ఇద్దరిలో ఎవరి జీతమూ ఆగదు.