మేడమ్మతో మా నాయనమ్మ మోయించిన నీళ్లు

మా నాయనమ్మ పదహారో ఏట నుంచి ఇళ్లకు నీళ్లు మోసింది. అప్పట్లో వీధి మొత్తానికి చివర ఒకటే చేతిపంపు. అక్కణ్ణించి మూడంతస్తుల మేడకు రోజూ ఇరవై బిందెలు ఎక్కించేది. ఆ మేడ యజమానురాలిని అందరూ మేడమ్మ అనేవారు. ఆవిడ మనుషుల్ని పైనుంచి చూడడమే గానీ ఎదురుగా చూసి ఎరగదు.

ఒకరోజు మేడమ్మ భర్త చేతిగడియారం కనపడలేదు. వంటగది దాకా వచ్చే బయటి మనిషి నాయనమ్మ ఒక్కతే. ఇంకేముంది, మేడమ్మ బాల్కనీలోకి వచ్చి, వీధి వీధంతా వినేలా దొంగ అని అరిచింది. తలముడి కూడా విప్పించి వెతికించింది. ఏమీ దొరకలేదు. అయినా పని పోయింది. మిగతా ఇళ్లవాళ్లూ వద్దన్నారు. పనిలేనివాళ్లు దారికాచి మరీ, “టైమెంతయింది?” అని అడిగేవారు.

పదిరోజులకు దర్జీ ఆమెను చాటుకు పిలిచాడు. మేడమ్మ భర్త కోటు చిరుగు కుట్టడానికి వచ్చిందట. చిరిగిన జేబులోంచి జారి గడియారం లోపలి గుడ్డలో చిక్కుకుని ఉందట. తనే తీసి ఇచ్చాడట. ఎవరితోనూ అనొద్దన్నారట. మేడమ్మ మళ్లీ బాల్కనీలోకి వచ్చి నిజం చెబుతుందని నాయనమ్మ నెలరోజులు చూసింది. ఆవిడ తడిబట్టలు ఆరేయడానికి వచ్చింది, ఎండకు వచ్చింది, ఆ మాటకు మాత్రం రాలేదు.

కొన్నేళ్లకు వీధిలో నీళ్ల గొట్టాలు పడ్డాయి. మోసేవాళ్ల పొట్ట కొట్టినట్టయింది. కొందరు మిల్లుకు పోయారు. నాయనమ్మ ఆ గొట్టాలకే గోతులు తవ్వే పనిలో చేరింది. ఏ ఇంటికి ఎన్ని నీళ్లు కావాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు కాబట్టి, ఆడమనిషేమిటని నవ్వుతూనే, వాల్వులు తిప్పే పని నీళ్ల ఆఫీసువాళ్లు ఆమెకే ఇచ్చారు. మేడకు విడిగా ఒక గొట్టం, గోడ పక్కన ఒక వాల్వు. దాన్ని తిప్పే ఇనపకడ్డీ నాయనమ్మ చేతికొచ్చింది.

ఆనాటి నుంచి వీధికంతా గంటన్నర నీళ్లు, మేడకు మాత్రం వెంట్రుకంత ధార. ఫిర్యాదు మీద ఇంజినీరు వచ్చిన రోజు వాల్వు బార్లా తెరిచేది. ఆయన అటు పోగానే ఇటు బిగించేది. బిందెలు మోసే మనుషులు ఊళ్లో మిగల్లేదు. మేడమ్మ తనే బిందె పట్టుకుని పక్కింటి కుళాయికి దిగి, మెట్లెక్కేది. రెండో అంతస్తులో అద్దెకున్న బాలింతకు మాత్రం నాయనమ్మ వెనక మెట్ల మీదుగా తనే రెండు బిందెలు ఇచ్చి వచ్చేది. పగ ఎవరి మీదో ఆమెకు బాగా తెలుసు.

ఇలా సాగగా పదకొండో ఏట మేడమ్మ మోకాళ్లు పట్టుకుని వాల్వు దగ్గరకు వచ్చింది.

“నువ్వేనని నాకు తెలుసు. ఏం కావాలి నీకు?”

“గడియారం కోటులో దొరికిందని పైనుంచి చెప్పండి. ఆరోజు ఎంత గట్టిగా అరిచారో అంత గట్టిగా.”

“అదంతా ఇప్పుడెవరికి గుర్తుంది?”

“నాకుంది. చాలు.”

మేడమ్మ మూడురోజులు బిగపట్టింది. నాలుగోరోజు పొద్దున బాల్కనీలో నిలబడి, ఈమె దొంగ కాదు, గడియారం కోటులోనే దొరికింది అని అరిచింది. కింద ఒక పాలవాడు, బడికి పోయే ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఏ గడియారమని పాలవాడు నాయనమ్మనే అడిగాడు. ఆమె వాల్వు పూర్తిగా తెరిచి, కడ్డీ భుజాన వేసుకుని పక్క వీధికి వెళ్లిపోయింది.

తర్వాత బోర్లు, మోటార్లు, మేడల మీద ట్యాంకులు వచ్చాయి. మేడమ్మ పోయినప్పుడు వీధంతా వెళ్లింది. నాయనమ్మ గడప దాటలేదు.

ఈమధ్య ఒకసారి, ఆమెకు తొంభై దాటాక, అడిగాను, అంత ముసలిదాన్ని మెట్లెక్కించావు కదా, ఎప్పుడైనా పాపమనిపించిందా అని.

“పాపమేమిటే? నా బిందె బరువు దాని మోకాళ్లకు తెలిసింది. ఇంకో పదకొండేళ్లు తెలియాల్సింది. తొందరపడి వదిలేశాను” అంది.

ఆ బాధ మాత్రం ఆమె మొహంలో నిజంగానే కనిపించింది. తర్వాత గీజర్ వేయమంది, స్నానానికి వేళయిందట.